గ్రామసభ వద్దంటే వద్దనే అర్థం

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులపై (నీటిని పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసేవి) ఆదివాసీల ఆందోళన ఆగడం లేదు. మా గ్రామసభను అడగకుండా సర్వేకి ఎలా వచ్చారన్నది వాళ్ల ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా, వెనకుండి ఎవరో రెచ్చగొడుతున్నారనడం అన్యాయం.

ఆ ప్రశ్న చట్టంలోనే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఆదివాసీ ప్రాంతాల్లో, పంచాయతీ చట్టం ఆదివాసీల ఆచార న్యాయానికి లోబడి ఉండాలని 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) చెబుతోంది. తగాదాలు తీర్చుకునే వాళ్ల పద్ధతిని, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభదేనంటోంది. దీనికి నిబంధనలు రాయడానికే ఉమ్మడి రాష్ట్రం 2011 దాకా ఆగింది. పెసా సంప్రదించమంది తప్ప ఒప్పించమనలేదని అధికారులు సాకు చెబుతారు. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ తీసి చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండి తీరాలి.

కరెంటు కావాలి, నిజమే. ఆదివాసీల ఆచారాల్లోనూ అన్యాయాలున్నాయి కదా అంటే, అదీ నిజమే. ఆదివాసీ మహిళకు ఆస్తిలో వాటా లేదనే వాదనను 2025 జులైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, మంచిపని చేసింది. అయితే ప్రాజెక్టుల ఫైళ్లు కదిలేది ఆడవాళ్ల హక్కుల కోసం కాదు.

పార్వతీపురం దాటితే ఒడిశాలోని నియంగిరి కొండలు. అక్కడ బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలకే వదిలేయమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. అక్కడి ఆదివాసీలైన డోంగ్రియా కోందుల మాట నెగ్గింది. ఆ తర్వాత ఏం చేశారు? అటవీ భూమి మళ్లింపుకు గ్రామసభ సమ్మతి ముందే ఉండాలన్న 2009 ఉత్తర్వును పక్కకు నెట్టి, కేంద్రం తుది అనుమతి ఇచ్చాక హక్కుల సంగతి రాష్ట్రాలు చూసుకోవాలని 2022లో నిబంధనలు మార్చారు. జాతీయ ఎస్టీ కమిషన్ ఆపమన్నా వినలేదు. అనుమతి చేతిలో పడ్డాక పెట్టే గ్రామసభ ఎవరికి కావాలి?

గ్రామసభ సరే అంటే ప్రజాస్వామ్యం, వద్దంటే కుట్ర. ఈ రెండు నాలుకల ధోరణి మాకు సమ్మతం కాదు. ఒక కొండ మీద ఇది చెల్లితే ఆదిలాబాద్ నుంచి పాడేరు దాకా ప్రతి కొండ మీదా చెల్లుతుంది. సర్వేలు ఆపండి. ఏ ఊళ్లో ఎప్పుడు గ్రామసభ పెట్టారో, ఎంతమంది వచ్చారో, ఏం తీర్మానించారో కాగితాలు బయటపెట్టండి. ఆ కాగితాలు లేకపోతే, చట్టం గురించి ఆదివాసీలకు పాఠాలు చెప్పడం మానేయండి.