గంట సమయం అడిగే మత్తు క్రీముకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ మత్తు క్రీము గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే అనుకోండి. మందుల అలమారా పై అరలో, మూత తియ్యని ట్యూబులో, గడువు తేదీ కోసం ఎదురుచూస్తూ హాయిగా పడుకున్నారు. కింద బల్ల మీద నాలుగేళ్ల పిల్లవాణ్ణి ముగ్గురు పెద్దవాళ్లు కదలకుండా అదిమి పట్టుకున్నారు. నాలుగో మనిషి చేతిలో సూది ఉంది. "అంతే నాన్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది" అంటున్నారు. చీమ కుట్టడానికి ముగ్గురు పట్టుకోవాల్సిన అవసరం ఏమొచ్చిందో వాడికి అర్థమైపోయినట్టుంది, ఇంకా గట్టిగా ఏడుస్తున్నాడు.

సూది నొప్పి తెలియకుండా చర్మాన్ని మొద్దుబార్చే మిమ్మల్ని రాసేవాళ్లు ఎలాగూ కరువయ్యారు. మీకు రాసేవాళ్లయినా ఒకరు ఉండాలని ఈ ఉత్తరం.

ముందుగా మీ మీద ఉన్న అభియోగాలు చదివి వినిపిస్తాను. అందులో అసలైనది, మిగతావన్నీ దాని తర్వాతే: మీకు గంట కావాలి. చర్మం మీద మందంగా పరిచి, పైన ప్లాస్టిక్ పొర అంటించి, అరవై నిమిషాలు వదిలేస్తే తప్ప మీరు పని పూర్తి చెయ్యరు. ఆసుపత్రిలో గంట సమయం ఎవరికి ఉంటుందండీ? రోగి పొద్దున్నే వచ్చి చీటీ రాయించుకుంటాడు. నంబరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చుంటాడు. డాక్టరు గారు వార్డులు తిరిగి వచ్చేదాకా ఇంకో బెంచీ. రక్తపరీక్ష రాసిస్తే ఆ గది ముందు వరుస, దానికి డబ్బు కట్టడానికి మరో వరుస, కట్టిన రసీదు మీద ముద్ర వేయించుకోవడానికి ఇంకొకటి. ఇంత తీరిక లేని మనిషిని పట్టుకుని గంట అడగడానికి మీకు నోరెలా వచ్చింది? అతని వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. "కాస్త ఆ క్రీము రాస్తారా" అని నసుగుతాడు. "ఇప్పుడు రాస్తే గంట పడుతుంది, అంత టైము లేదు, చెయ్యి చాపండి" అని జవాబు.

పొద్దున చీటీ రాసిన కిటికీ దగ్గరే మోచేతి మడతలో ఇంత రాసి పంపిస్తే సరిపోయేది కదా అని మీరు అడగవచ్చు. అడగకండి. అలా అడిగేవాళ్లను ఆసుపత్రుల్లో అనుమానంగా చూస్తారు. నిజానికి అలా చేసే పిల్లల ఆసుపత్రులు ఉన్నాయి. లోపలికి రాగానే నర్సు బిడ్డను చూస్తుంది, సూది పడే అవకాశం ఉందనిపిస్తే రెండు చోట్ల క్రీము రాస్తుంది, ఒక నరం దొరక్కపోతే రెండోది సిద్ధంగా ఉండాలని. పొర అంటించి కూర్చోబెడుతుంది. డాక్టరు వచ్చేసరికి చర్మం మొద్దుబారి ఉంటుంది. అదనంగా ఒక్క నిమిషం కూడా ఖర్చు కాదు. కానీ ఆలోచించండి, బెంచీ మీద ఊరికే కూర్చోవడాన్ని కూడా వైద్యంలో భాగం చేసేస్తే, తరతరాలుగా ఊరికే కూర్చున్న వాళ్ల త్యాగం ఏం కావాలి?

రెండో అభియోగం, మీరు లోతు లేని మనిషి. గంటసేపు ఉంచితే సుమారు 3 మిల్లీమీటర్లు, రెండు గంటలు ఉంచితే 5 మిల్లీమీటర్లు, అంతే మీ ప్రయాణం. కండరంలోకి దిగే టీకా సూది విషయంలో మీరు పైపై చర్మానికి మాత్రమే పూచీ పడతారు, లోపల మందు కండరాన్ని తోసుకుంటూ వెళ్లేటప్పటి సలుపు మీ పరిధిలోకి రాదు. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. చర్మం పైన చచ్చిన కణాలు పేర్చుకుని ఒక గోడ ఉంది. కాగితం కన్నా పలుచన, కానీ బయటి వస్తువేదీ లోపలికి రాకుండా చూడటమే దాని ఉద్యోగం. ఆ గోడలోంచి దారి చేసుకుని, కింద ఉన్న నాడుల కొసలదాకా వెళ్లి, వాటిలో సోడియం దూరే ద్వారాలను మూసేసి, నొప్పి కబురు మెదడుకు చేరకుండా ఆపాలి. ఇంత పని గంటలో చేసి చూపించే శాఖ మరొకటి ఉంటే చెప్పమనండి.

పైగా మీ పుట్టుక మామూలుది కాదు. 1884లో వియన్నాకు చెందిన కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కొకెయిన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని, మెలకువగా ఉన్న మనిషికే కంటి ఆపరేషన్ చేయవచ్చని లోకానికి చూపించాడు. జర్మనీలో జరిగిన వైద్యుల సభకు వెళ్లడానికి డబ్బు లేక, తన పత్రాన్ని మరొకరి చేత చదివించాడు. కన్ను తేలికే, అక్కడ చచ్చిన కణాల గోడ లేదు. చర్మం దగ్గరే కథ అడ్డం తిరిగింది. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ 1943లో లిడోకెయిన్ అనే మత్తుమందు తయారు చేశారు. లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. అయినా అది సూదితో లోపలికి ఎక్కిస్తేనే పనిచేసేది. అంటే సూది నొప్పి తెలియకుండా ఉండటానికి ముందు ఒక సూది. వైద్యశాస్త్రానికి హాస్యప్రియత్వం లేదని ఎవరన్నారు?

ఆ చిక్కు విప్పింది మీరే, అదీ 1980ల్లో, మళ్లీ స్వీడన్ వాళ్ల చేతుల్లోనే. మీలో ఉన్న రెండు మత్తుమందులు, లిడోకెయిన్, ప్రిలోకెయిన్, విడివిడిగా గది వేడిలో గట్టి స్ఫటికాలు. రెంటినీ సమపాళ్లలో కలిపితే ఒకదాన్ని చూసి ఒకటి కరిగి నూనె అయిపోతాయి. నూనె అయ్యాక తక్కువ మోతాదుతోనే, ఒక్కొక్కటి రెండున్నర శాతం చొప్పున, ఆ గోడను దాటగలుగుతాయి. మనుషుల్లో సమపాళ్లలో కలిసినా గడ్డకట్టుకునే ఉండే జంటలను చాలామందిని చూశాను కాబట్టి నాకు ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడో అభియోగం నర్సులది. మీరు రాసిన చోట చర్మం పాలిపోతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి, నరం దొరకదు అంటారు. ఇది నిజమే, ఒప్పుకోండి. పొర తీసేశాక కొంతసేపు ఆగితే నరం మళ్లీ తేరుకుంటుందని, మీ దాయాది టెట్రాకెయిన్ జెల్ అయితే అరగంట, ముప్పావు గంటలో పని ముగించడమే కాక రక్తనాళాన్ని వెడల్పు చేస్తుందని కూడా చెప్పండి. దాయాదిని పొగడటం కష్టమే, కానీ కోర్టులో నిజమే చెప్పాలి.

ఇక్కడి నుంచి అభియోగాల కాగితం పక్కన పెడతాను, ఎందుకంటే మీ వాయిదాలు ఎగ్గొట్టే అసలు ప్రతివాది వేరే ఉన్నాడు. ఆయన పేరు "ఓర్చుకో". ఆయనది చాలా పెద్ద కుటుంబం. "ఇంత చిన్నదానికే ఇంత రాద్ధాంతమా" ఆయన తమ్ముడు, "మగపిల్లాడివి, ఏడవకూడదు" ఆయన బావమరిది, "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా" ఆయన తాతగారు. ఈ కుటుంబంలో ఎవరూ సూది వేయించుకునే వైపు ఉండరు, ఎప్పుడూ పట్టుకునే వైపే ఉంటారు. ఎదుటివాడి నొప్పిని ఇంత నిబ్బరంగా భరించేవాళ్లను నేనెక్కడా చూడలేదు.

ఈ కుటుంబం పసిబిడ్డల విషయంలో చేసింది తలచుకుంటే వ్యంగ్యం కూడా నోట్లో ఆగిపోతుంది. 1980ల మధ్యదాకా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, కదలకుండా చేసే మందు ఇచ్చి, నొప్పికి మాత్రం నామమాత్రంగా ఇచ్చో ఇవ్వకుండానో ఆపరేషన్లు చేసిన సందర్భాలు ఉన్నాయి. పసివాళ్ల నాడులు ఇంకా పూర్తిగా తయారు కావు కాబట్టి వాళ్లకు నొప్పి తెలియదని నమ్మకం. బిడ్డ ఏడిస్తే అది కేవలం ప్రతిచర్య. 1987లో ఆనంద్, హికీ అనే ఇద్దరు పరిశోధకులు ఆధారాలన్నీ పోగేసి, పసిబిడ్డకు నొప్పి తెలుస్తుందని ఒక పేరున్న వైద్య పత్రికలో వ్యాసం రాయాల్సి వచ్చింది. ప్రపంచంలోని తల్లులందరికీ తెలిసిన సంగతికి అచ్చులో రుజువు కావలసి వచ్చింది. పదేళ్లకు, 1997లో, కెనడాలో మరో అధ్యయనం వచ్చింది. పుట్టిన కొత్తలో సున్తీ చేసేటప్పుడు మిమ్మల్ని రాసిన మగపిల్లలు, మీ బదులు ఉత్తుత్తి క్రీము రాసిన పిల్లల కన్నా, నెలల తర్వాత టీకా వేసినప్పుడు తక్కువ బాధపడ్డారు. అంటే మాటలు రాని ఒంటికి కూడా ఆ మొదటి నొప్పి గుర్తుంటుందన్నమాట. "వాడికేం గుర్తుంటుంది లెండి" అనే మాట ఆ తర్వాత కూడా టీకా గదుల్లో హాయిగా తిరుగుతూనే ఉంది.

ఆడవాళ్ల సంగతి ఇంకొక అధ్యాయం. గర్భాశయంలో కాపర్ టీ లాంటి సాధనం అమర్చేటప్పుడు ఎంత నొప్పి వస్తుందో తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు, "కాస్త పట్టేసినట్టు ఉంటుంది, ముందు ఒక మాత్ర వేసుకోండి" అని వినేవాళ్లు బదులు చెబుతూనే ఉన్నారు. లిడోకెయిన్‌ను సూదిగా గానీ జెల్, క్రీము, స్ప్రే రూపంలో గానీ వాడితే నొప్పి తగ్గవచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన సూచనల్లో చేర్చింది 2024లో. లిడోకెయిన్ మార్కెట్లోకి వచ్చింది 1948లో. తొందరపడ్డారని ఎవరూ అనలేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మిమ్మల్ని తీసిపారేయలేదు, అంత మాత్రాన పిలిచి పీట వెయ్యలేదు. టీకాల నొప్పి తగ్గించడం మీద 2015లో పత్రం విడుదల చేస్తూ, ఖరీదు, దొరకడం, పట్టే సమయం దృష్ట్యా మిమ్మల్ని అన్ని దేశాల్లో అందరికీ సిఫారసు చేయలేమంది. బిడ్డకు పాలు పడుతూ టీకా వేయమంది, పడుకోబెట్టి అదమకుండా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోమంది, ఒకేసారి చాలా టీకాలు ఉంటే ఎక్కువ నొప్పి పెట్టేదాన్ని చివర వేయమంది. వీటిలో ఏదీ పైసా ఖర్చయ్యే పని కాదు. అయినా బల్ల, అదమడం, ముగ్గురు మనుషులు అలాగే ఉన్నారు చూడండి, అప్పుడు తెలుస్తుంది ఆటంకం మీ ధర మాత్రమే కాదని.

మీకు గంట దొరికే చోటు అసలు లేదని కాదు. లేజర్‌తో రోమాలు తీసే గదుల్లో, పచ్చబొట్టు పొడిచే దుకాణాల్లో మీకు రాజమర్యాదలు జరుగుతాయి. అక్కడ గంట కాదు, రెండు గంటలైనా ఆగుతారు, మెత్తటి కుర్చీ వేస్తారు, "మొద్దుబారిందా అండీ, ఇంకాసేపు ఉంచుదామా" అని అడిగి మరీ మొదలుపెడతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ముచ్చటపడి కొనుక్కున్న నొప్పికి మీరు తప్పనిసరి, జబ్బుపడ్డవాడికి తప్పని నొప్పికి మీరు విలాసం. ఈ ఏర్పాటు ఎవరు చేశారో కానీ వాళ్లకు ఒక సూది వేయాలని ఉంది, మీరు లేకుండా.

అయితే ఆ మర్యాదల్లో పడి మీరు హద్దు దాటుతున్న మాట కూడా చెప్పాలి. లేజర్ కోసం కాళ్ల నిండా ఘాటైన మత్తు క్రీము పూసుకుని, పైన ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు మూర్ఛలు వచ్చి, స్పృహ కోల్పోయి మరణించారని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2007లో హెచ్చరించింది. అరచేతి మేర రాస్తే చర్మానికే పరిమితమయ్యే మందు, కాళ్లంతా పూసి మూసేస్తే రక్తంలోకి చేరి గుండెను, మెదడును తాకుతుంది. అదే సంస్థ 2024లో మళ్లీ, అనుమతించిన దానికన్నా ఎక్కువ లిడోకెయిన్‌తో అమ్ముడవుతున్న క్రీముల మీద నోరు విప్పాల్సి వచ్చింది. మీలోని ప్రిలోకెయిన్ పసిబిడ్డల్లో మోతాదు మించితే, లేదా డాప్సోన్, సల్ఫా లాంటి మందులు వాడుతున్న బిడ్డకు పడితే, రక్తం ఆక్సిజన్ మోయలేక పెదవులు నీలిరంగుకు తిరగవచ్చు. పుండు మీద, చిట్లిన చర్మం మీద మిమ్మల్ని రాయకూడదు. కాబట్టి ఎంత, ఎక్కడ, ఎంతసేపు అన్నది డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి తీరాలి. మీ మీద నాకున్న అభిమానం ట్యూబంతా పిండేసేంతది కాదు.

నా మనవి ఒక్కటే. అలమారా దిగి చీటీల కిటికీ పక్కకు రండి. అక్కడ నంబరు చీటీతో పాటు ఎవరైనా ఒక చుక్క మిమ్మల్ని కూడా ఇచ్చేటట్టు చూసుకోండి. అది కుదరకపోతే, రేపు రక్తపరీక్ష ఉందని ముందే తెలిసిన తల్లిదండ్రులు డాక్టరును అడిగి, ఇంట్లోనే రాసుకుని, రాసిన సమయం చీటీ మీద వేసుకుని వస్తారు. గంట ఇవ్వడం ఆసుపత్రికి కష్టం కావచ్చు. గంట తెచ్చుకున్నవాణ్ణి వెనక్కి పంపడానికైతే కారణం వెతుక్కోవాలి, దానికి వాళ్లకు టైము ఉండదు.

ఇట్లు,
తమ రాక కోసం మూడో బెంచీ మీద వేచి ఉన్న,
ఒక మోచెయ్యి

తా.క. మీ పైన అంటించే ఆ ప్లాస్టిక్ పొరను పీకేటప్పుడు చేతి వెంట్రుకలు సగం దానితోనే వచ్చేస్తున్నాయి, పిల్లలు సూది కన్నా దానికే ఎక్కువ ఏడుస్తున్నారు. ఆ నొప్పికి ఏ క్రీము రాయాలో, ఎన్ని గంటల ముందు రాయాలో, దాని మీద ఏ పొర అంటించాలో వెంటనే తెలియజేయగలరు.