నాలుగు బొక్కలే గదా

మేం ఉండేది నల్లగొండ రామగిరిల, పైపోర్షన్ల కిరాయికి. కింద ఓనర్లు యాదగిరి, స్వరూప. ఆమె జాకెట్లు కుడ్తది, ఆయన ఏం జేస్తడో ఆయనకే క్లారిటీ లేదు. మొన్న ఆదివారం వాకిట్ల వాళ్ల స్విఫ్ట్ నాలుగు దిక్కుల ఇటుకల మీద కూసున్నది, నేను మీద బట్టలు ఆరేసుకుంట విన్న ముచ్చట ఇది. (బట్టలు ఎప్పుడో అయిపోయినయ్, ఊకెనే నిలబడ్డ.)

స్వరూప: ఏమయ్యా, గంటసేపాయె ఆ చక్రంతోని కుస్తీ పడవట్టి, ఎక్కుతలేదా?

యాదగిరి: ఎక్కుతది. ఒక నట్టు ఎక్కింది. కొత్త పెండ్లికూతురు లెక్క కొంచెం సిగ్గువడ్తుంది అంతే.

స్వరూప: ఒకటెక్కి మూడు ఎక్కకపోతే సిగ్గు గాదు, అది వేరే ఇంటి పిల్ల. ఏడ తెచ్చినవ్?

యాదగిరి: మా దోస్తు ఇచ్చిండు. వాని ఫోర్డ్ ఎకోస్పోర్ట్ కారువి, 16 ఇంచుల అలాయ్ చక్రాలు, టైర్లతోని సహా 14 వేలకే. మనదానికీ నాలుగు బొక్కలే, దీనికీ నాలుగు బొక్కలే, ఇంకేం గావాలె?

స్వరూప: నీ అంగీకి ఏడు గుండీలు, మా తమ్ముని అంగీకి ఏడు గుండీలు. వానిది తొడుక్కో, చూస్త.

(తమ్ముడు సన్నగ జొన్నసొప్ప లెక్కుంటడు. యాదగిరి సంగతి ఆ వాకిలికే ఎర్క.)

యాదగిరి: మెషిన్ దగ్గర కూసునే దానివి, బండ్ల గురించి నీకేం తెల్సు?

(ఆమె ఏమనలే. మెడల టేపు తీసింది, వంగింది. ఈ బొక్క ఎడమ అంచు కాడికెల్లి ఎదురు బొక్క ఎడమ అంచు దాక పెట్టింది, మల్ల కారుకున్న బోల్టులను గట్లనే కొలిచింది.)

స్వరూప: కారుది 10 సెంటీమీటర్లు. నువ్వు తెచ్చినదానిది 10 మీద 8 గీతలు.

యాదగిరి: ఎనిమిది గీతలకేనా గీ లొల్లి?

స్వరూప: నాలుగు గీతల తేడాకు మొన్న టీచరమ్మ జాకెట్ మూడుసార్లు ఇప్పించింది. అది కూసొని పాఠం చెప్పే జాకెట్, ఇది 80 స్పీడుల ఉరికే బండి.

యాదగిరి: (ఫోన్ చూసుకుంట, గొంతు తగ్గించి) ఎదురెదురు బొక్కల నడుమ దూరాన్ని పీసీడీ అంటరంట. స్విఫ్ట్‌కు 4 ఇంటు 100, అంటే 4 బొక్కలు, 100 మిల్లీమీటర్లు. ఎకోస్పోర్ట్‌కు 4 ఇంటు 108.

స్వరూప: చక్రాలు కొనకముందు ఆ ఫోన్ల చూడొద్దా?

యాదగిరి: కొన్నంకనే గదా తెల్సేది ఏం చూడాలెనో! అయినా మెకానిక్ బొక్కలు జర గీకి పెద్దగ జేస్తా అన్నడు.

స్వరూప: కాజా చింపినంక గుండీ నిలుస్తదా? నార్కట్‌పల్లి దాటకముందే చక్రం ముందు వోతది, మనం దానెన్క వోతం. మరి ఈ నడుమ పెద్ద బొక్క సంగతేంది, నా పిడికిలి వట్టేటట్టున్నది?

యాదగిరి: అది సెంటర్ బోర్. మనది 54.1 మిల్లీమీటర్లు, దీనిది 63.4. దానికి రింగు దొర్కుతది, నాకు తెల్సు.

స్వరూప: మెడ లూజైతే పట్టీ ఏస్తం, సరే. గుండీలే కలవనిదానికి మెడకు పట్టీ ఏసి ఏం జేస్తవ్?

(నేను నవ్విన. కిందికి వినవడ్డదేమో అని ఎనకకు జరిగిన, మల్ల ముందుకొచ్చిన.)

స్వరూప: టైరు మీద ఏం రాసున్నది?

యాదగిరి: 205/60 ఆర్ 16.

స్వరూప: డ్రైవర్ డోర్ కాడ స్టిక్కర్ మీద?

యాదగిరి: 165/80 ఆర్ 14... అబ్బా, పెద్ద చక్రమైతే బండి పులి లెక్క కనవడ్తది!

స్వరూప: కొలిచిన. పాతది 62 సెంటీమీటర్లుండె, ఇది 65. పులి సంగతి తర్వాత, మలుపు తిప్పితే లోపల రాసుకుంటదేమో చూసుకో. మీటరేమో 80 చూపిస్తది, బండి 84ల ఉంటది, చలాన్ నా ఫోన్‌కు వస్తది.

యాదగిరి: క్రోమ్ నట్లు కూడ ఇచ్చిండు, ఫ్రీగ.

స్వరూప: ఎక్కియ్యి.

(రెండు చుట్లు తిరిగి బిర్రుగ పట్టుకున్నది. ఎకోస్పోర్ట్ నట్టుకు మరల నడుమ దూరం 1.5 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ బోల్టుకు 1.25, ఎట్ల కలుస్తది. ఆయన ఇంకింత బలం పెట్టవోయిండు, ఆమె స్పానర్ గుంజుకున్నది.)

స్వరూప: బోల్టు మర కూడ పాడు జేస్తవా? సాలు. రేపు పొద్దుగాల మిర్యాలగూడల పెండ్లికి వోవాలె. పాత చక్రాలు తే, ఎక్కిద్దాం.

యాదగిరి: ...

స్వరూప: పాతవి ఏడున్నయ్?

యాదగిరి: స్టెప్నీ ఉన్నది.

స్వరూప: నేనడిగింది నాలుగు.

యాదగిరి: ఎక్స్‌చేంజ్ల ఇచ్చిన. ఒక్కోదానికి 500 తగ్గించిండు. దోస్తు గదా.

స్వరూప: ఫోన్ చేసి తెప్పియ్యి.

యాదగిరి: చేసిన. పొద్దుగాలనే అమ్మేసిండంట.

(ఆమె టేపు మెల్లగ చుట్టుకుంట లోపలికి నడిచింది. ఈయన అట్లనే కూసున్నడు, చేతుల క్రోమ్ నట్టు మెరుస్తుంది.)

యాదగిరి: ఏయ్ స్వరూపా, కోపమా? ఏం జేస్తున్నవ్?

స్వరూప: (లోపలికెల్లి) ఆధార్ కార్డు దేవులాడుతున్న. రేపు బస్సుల వోదాం. నాకు ఫ్రీ, నీకే టికెట్.