సవరణ: అరుగం బేకు డిసెంబరులో వెళ్లకండి

శ్రీలంక తూర్పు తీరంలోని అరుగం బే గురించి ఇంతకుముందు రాసినప్పుడు, సర్ఫింగ్ నేర్చుకునేవారికి అక్కడ డిసెంబరు, జనవరి నెలలు అనువైనవని పేర్కొన్నాను. అది తప్పు. నైరుతి తీరంలోని వెలిగామలో జనవరిలో గడిపిన రోజుల వివరాలూ, అరుగం బే వివరాలూ ఒకే పుస్తకంలో రాసుకోవడంతో రెండింటినీ కలగలిపేశాను.

నైరుతి రుతుపవనాల కాలంలో మధ్య కొండలు వానను అడ్డుకోవడం వల్ల తూర్పు తీరం పొడిగా ఉంటుంది, పైగా దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చే అలలు అప్పుడే బలంగా ఉంటాయి కనుక, అరుగం బేలో అసలైన సీజను సుమారుగా మే నుంచి సెప్టెంబరు వరకు. డిసెంబరులో అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తుంటాయి. ఆ నెలల్లో వెళ్లవలసింది నైరుతి తీరంలోని వెలిగామ, హిక్కడువలకే.

అరుగం బేలో సర్ఫింగ్ చేసే ప్రధాన చోటైన 'మెయిన్ పాయింట్' కొత్తవారికి సరిపోతుందని రాయడం ఇంకా పెద్ద పొరపాటు. వెలిగామలో అడుగున ఇసుకే కాబట్టి సర్ఫింగ్ పలక మీద నుంచి పడితే చెవుల్లోకి ఇసుక పోతుంది, అంతే. మెయిన్ పాయింట్‌లో అడుగున రాతిగట్టు ఉంటుంది, మోకాలు చెక్కుకుపోతుంది. కొత్తవారు పక్కనే ఉన్న 'బేబీ పాయింట్'తో మొదలుపెట్టడం మేలు.

మరొకటి: వెలిగామకు కొలంబో నుంచి నేరుగా రైలుంది, అరుగం బే పక్కనున్న పొత్తువిల్‌కు రైలు మార్గమే లేదు.