బజర్ విద్వాంసుల వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బజర్ విద్వాంసుల వారి సముఖానికి, ఎలక్ట్రానిక్స్ ల్యాబులో మీ పక్క బల్ల దగ్గర కూర్చునే శ్రోత నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి. ఆనవాయితీ కనుక అలా రాశానే గాని, మీ కచేరీలు మొదలైనప్పటి నుంచి ఈ వైపు కుశలం అంతంతమాత్రంగానే ఉంది.

పెద్దలకు రాసే లేఖలో వంశప్రశంస తప్పదు కదా. 1880లో పారిస్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు, దానికే పీజో విద్యుత్తు అని పేరు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారమూ మారాలని మరుసటి ఏడాది గాబ్రియేల్ లిప్‌మన్ లెక్క కట్టి చెప్పగా, ఆ అన్నదమ్ములే దాన్ని ప్రయోగం చేసి నిరూపించారు. ఆ రెండో గుణమే మీ గాత్రం. పల్చటి ఇత్తడి బిళ్ల మీద అతికించిన పింగాణీ పొర, వోల్టేజీ రాగానే వంగి, పోగానే యథాస్థితికి వచ్చి, ఆ ఊపుకు గాలిని కదిలిస్తుంది. ఇదే వంశంలో పుట్టిన మీ దాయాదులు ఆసుపత్రి స్కానింగ్ గదిలో కడుపులోని బిడ్డను చూపిస్తున్నారు, వంటింటి గ్యాస్ లైటరులో నిప్పురవ్వ రాలుస్తున్నారు. మీరు మాత్రం సంగీతాన్ని ఎంచుకున్నారు. మా ప్రారబ్ధం.

అయితే వంశం గురించి ఒక సందేహం కూడా మనవి చేసుకోవాలి. కిట్లలో వచ్చే మీ నల్ల డబ్బా సోదరుల్లో చాలామందికి మల్టీమీటరు పెడితే కొద్ది ఓముల నిరోధం చూపిస్తోంది. పింగాణీ బిళ్లే అయితే అంత తక్కువ చూపించకూడదు. విప్పి చూస్తే లోపల తీగచుట్ట, ఒక అయస్కాంతం, పైన పల్చని రేకు కనిపిస్తున్నాయి. పీజో అని ఇంటిపేరు చెప్పుకుని తిరుగుతున్న ఈ దత్తపుత్రులను ట్రాన్సిస్టరు అడ్డం లేకుండా నేరుగా ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు పిన్నుకు తగిలిస్తే, 40 మిల్లీయాంపులకు మించి తట్టుకోలేని ఆ పిన్ను గతి ఏమవుతుందో వారే ఆలోచించుకోవాలి. వారికి ఈ సంగతి మీరే నచ్చజెప్పగలరని ఆశ.

మీలో శాఖాభేదాలు కూడా ఉన్నాయి. ఒకరు యాక్టివ్, మరొకరు పాసివ్. పేరు చూసి యాక్టివ్ వారే సమర్థులనుకుని కొనుక్కునే అమాయకులు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. యాక్టివ్ వారి పొట్టలోనే ఒక ఆసిలేటరు ఉంటుంది. ఐదు వోల్టులు సోకితే చాలు, రెండు వేల హెర్ట్జ్ పైచిలుకు ఉన్న ఒకే ఒక్క స్వరం అందుకుని, తీగ పీకేదాకా వదలరు. వారికి సరిగమలు పంపితే ఆ ఒక్క స్వరాన్నే ముక్కలు ముక్కలు చేసి గురగురలాడతారు. కోఠీ గుజరాతీ గల్లీలో "బజర్ ఉందా అన్నా" అని మాత్రమే అడిగి, ఏ రకమో చెప్పకుండా తెచ్చుకున్నవారు ఇంటికొచ్చి ఐదు వోల్టుల బ్యాటరీ తగిలించి చూసుకోవాలి. కూసినవారు యాక్టివ్, "టక్" అని ఊరుకున్నవారు పాసివ్. సంగీతానికి పనికొచ్చేది ఆ ఊరుకున్నవారే అనే నిజం చాలా సభలకు ఇంకా చేరలేదు.

ఇక మీ కచేరీ మర్యాదల సంగతి. ఆర్డుయినో వారి ఊనో బోర్డు మీద మిమ్మల్ని పాడించాలంటే 'టోన్' అనే ఆజ్ఞకు పిన్ను, పౌనఃపున్యం అని రెండు తాంబూలాలు, కోరితే వ్యవధి అని మూడోదీ సమర్పించాలి. మీరు గొంతెత్తగానే బోర్డులోని 2వ నంబరు టైమరు మీ సేవకు వెళ్లిపోతుంది కనుక, దాని మీద ఆధారపడిన 3, 11 నంబరు పిన్నుల దగ్గర మెల్లగా వెలిగి ఆరుతున్న దీపాలు ఆ కళ మానుకోవాలి. 31 హెర్ట్జ్ కంటే కిందికి దిగడం మీ హోదాకు తగదు. ఒకేసారి రెండు స్వరాలు మీకు నిషిద్ధం కనుక వెనక తంబూరా కావాలంటే మరో మార్గం వెతుక్కోవాలి. బిగ్గరగా, మెల్లగా అనే తేడా కూడా మీకు లేదు. ఐదు వోల్టులో, సున్నానో! మధ్యేమార్గం అనే మాట చదరపు తరంగాల వంశంలో ఎవరూ విని ఎరుగరు.

తాళం విషయంలో మాత్రం మీకు వంక పెట్టలేం. 500, 250, 125 మిల్లీసెకన్లు అని మూడు అంకెలు ఇస్తే సరళీవరుసలు మూడు కాలాల్లోనూ వెంట్రుకవాసి తేడా రాకుండా అప్పజెబుతారు. పిల్లలు రెండో కాలం నుంచి మూడో కాలానికి పరిగెత్తేటప్పుడు తొడ మీద చెయ్యి తప్పిపోతుంటే నిట్టూర్చే సంగీతం మాస్టార్లు మిమ్మల్ని చూసి అసూయపడాలి. కాకపోతే స్వరానికీ స్వరానికీ మధ్య ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో మీకు తెలియదు. "స స" అని రెండుసార్లు రాసి నడుమ నిశ్శబ్దం పెట్టకపోతే ఒకే పొడుగాటి "స" లాగేస్తారు. అందుకే ఆర్డుయినో వారి ఉదాహరణ ప్రోగ్రాములో ఒక్కో స్వరం వ్యవధిని 1.30తో గుణించి అంతసేపు ఆగమని రాశారు. ఆ మిగులు ముప్పై శాతమే మీ కచేరీలో మాకు దక్కే విశ్రాంతి.

మాయామాళవగౌళ విషయానికి వస్తే నా మనసు కొంచెం నొచ్చుకుంది, చెప్పక తప్పదు. ఒక కుర్రవాడు శ్రద్ధగా కూర్చుని పట్టిక రాశాడు: స 262, శుద్ధ రిషభం 277, అంతర గాంధారం 330, శుద్ధ మధ్యమం 349, పంచమం 392, శుద్ధ ధైవతం 415, కాకలి నిషాదం 494, పై స 523. ఒక్క అంకె తప్పు లేదు. మీరు వినిపించారు. ఆరోహణ అయ్యేసరికి ల్యాబ్ అటెండరు గారు ఫ్యూజు బాక్సు దాకా వెళ్లి చూసి వచ్చారు.

లోపం ఎక్కడుందో మీ ఎదుటే చెబుతాను. 261.63 హెర్ట్జ్ షడ్జమానికి సహజమైన అంతర గాంధారం సుమారు 327 దగ్గర పలుకుతుంది. మీ పట్టిక పన్నెండు సమాన మెట్ల లెక్కది, అక్కడ 330. ఈ మూడు హెర్ట్జ్ తేడాను తంబూరా పక్కన కూర్చున్న చెవి పట్టేస్తుంది. మీ పక్కన తంబూరాకు చోటే లేదు కనుక దాన్ని క్షమించవచ్చు. క్షమించలేనిది రిషభం. ఆ రాగంలో రిషభ ధైవతాలను కదిలించి పలకాలి, ఆ కదలికలోనే రాగం బతుకుతుంది. మీరు 262 నుంచి 277కు గోడ దూకినట్టు దూకుతారు. పోనీ అని ఆ కుర్రవాడే రెండు మూడు హెర్ట్జ్ చొప్పున ఎక్కుతూ దిగుతూ ఒక లూపు రాశాడు. వినిపించింది గమకం కాదు, అంబులెన్సు.

పైగా మీకు స్వపక్షపాతం కూడా ఉంది. మీ బిళ్ల సహజంగా ఊగేది రెండు నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య. ఆ ప్రాంతపు స్వరాలకు ఒళ్లంతా గొంతు చేసుకుంటారు, మధ్య స్థాయి షడ్జమం అడిగితే నసుగుతారు. చదరపు తరంగంలో మూలస్వరంతో పాటు దాని మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు అంటూ బేసి గుణిజాలన్నీ ఊరేగింపుగా వస్తాయి గనుక, మేము షడ్జమం అనుకుని వింటున్నదానిలో అసలు షడ్జమం కంటే మీకు నచ్చిన ఆ పరివారమే ఎక్కువ.

మీకు తగిన సాహిత్యం మన సంప్రదాయంలో లేదని మాత్రం అనను. కుంపిణీ కాలంలో పాశ్చాత్య బాణీలకు ముత్తుస్వామి దీక్షితర్ సంస్కృత సాహిత్యం కట్టిన నొట్టుస్వరాలు ఉన్నాయి. శంకరాభరణం స్వరాలు, గమకాల బాదరబందీ లేదు, చిన్న చిన్న పాదాలు. మీరు వాటితో సరిపెట్టుకుంటే గౌరవంగా ఉంటుంది. మీ బంధువు యూఎం66 గారు ఈ విషయంలో బుద్ధిమంతులు. చూడ్డానికి మూడు కాళ్ల ట్రాన్సిస్టరులా ఉండి, 64 స్వరాల ఒకే పాటను పుట్టుకతోనే పొట్టలో దాచుకుని, గ్రీటింగు కార్డు తెరిస్తే పాడి, మూస్తే మానేవారు. కొత్త రాగం నేర్పుతామని ఎవరూ వారి జోలికి పోలేదు. ఇక వరుసగా వేర్వేరు స్వరాలు పలికే హారన్లను వాహనాలకు అమర్చరాదని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 119వ నియమం ఉంది. ల్యాబులకు అలాంటి నియమం లేకపోవడం మీ అదృష్టం.

మీ కీర్తిని పెంచుతున్న మినీ ప్రాజెక్టు నివేదికల గురించి ఎక్కువ చెప్పను. పుట్టినరోజు పాట మోగించే బజరుకు "సూక్ష్మ నియంత్రిక ఆధారిత మేధో సంగీత వ్యవస్థ" అని పేరు పెట్టి, కృతజ్ఞతలకు ఒక పుట, సమాజానికి కలిగే మేలుకు రెండు పుటలు కేటాయించి, బంగారు అక్షరాల అట్టతో బైండు చేయిస్తున్నారు. వైవాలో "భవిష్యత్తులో దీన్ని ఎలా విస్తరిస్తావు నాయనా" అని పరీక్షకులు అడిగితే "ఇంకో బజర్ పెడతాను సార్" అన్న విద్యార్థికి మంచి మార్కులే పడ్డాయి. మార్కుల మాట ఎలా ఉన్నా, ఇంకో బజర్ అన్న ఆలోచన మాత్రం దయచేసి ప్రోత్సహించవద్దు.

కనుక నా కోరికలు చిన్నవి. మీ తీగకు వరుసలో ఒక వంద ఓముల రెసిస్టరు పెట్టుకోండి, కొంత గొంతు తగ్గుతుంది. పాట అయ్యాక 'నోటోన్' అనే ఆజ్ఞకు సిగ్గుపడకుండా లోబడండి. రాత్రి తొమ్మిది దాటాక హాస్టలు గదుల్లో మూడో కాలం మానండి. మోహనం మీద కన్ను పడిందని విన్నాను. అయిదే స్వరాలు కదా, తేలిక అని ఎవరో మీకు చెప్పి ఉంటారు. దాని జోలికి మాత్రం వెళ్లకండి.

ఇట్లు,
విధేయుడు,
మీ పక్క బల్ల శ్రోత

తా.క.: మీ నెత్తి మీద ఒక గుండ్రని స్టిక్కరు ఉంటుంది. సోల్డరింగు అయ్యాక బోర్డును కడిగేటప్పుడు లోపలికి నీరు పోకుండా అతికిస్తారట, కడిగాక తీసేయమని దాని మీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మా ల్యాబులో ఎవరూ బోర్డులు కడగరు. స్టిక్కరూ తీయరు. ఆ ఆచారం మారకుండా చూసే బాధ్యత నేను తీసుకున్నాను.