సవరణ: జేడ్ ఒసిబెరు తీసినవి, తీయించినవి

నైజీరియా సినీ నిర్మాత జేడ్ ఒసిబెరు గురించి పోయిన వారం రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

‘షుగర్ రష్’ (2019), ‘బ్రదర్‌హుడ్’ (2022) సినిమాలకు ఆమే దర్శకురాలని రాశాను. కాదు. మొదటిదానికి కయోడే కసుమ్, రెండోదానికి ఉగాండాకు చెందిన లుక్‌మాన్ అలీ దర్శకులు. జేడ్ వాటికి నిర్మాత. ఆమె స్వయంగా దర్శకత్వం చేసినవాటిలో ‘ఇసోకెన్’ (2017), ‘గ్యాంగ్స్ ఆఫ్ లాగోస్’ (2023) ఉన్నాయి. పోస్టర్ మీద పేరు కనబడగానే అన్నీ ఆమె ఖాతాలో వేసేశాను, నాదే తొందర.

రెండోది కాస్త పెద్ద తప్పే. ‘గ్యాంగ్స్ ఆఫ్ లాగోస్’ నెట్‌ఫ్లిక్స్‌ది అన్నాను. అది అమెజాన్ ప్రైమ్ వీడియోది. పైగా ఆఫ్రికా నుంచి ఆ సంస్థకు అదే తొలి ఒరిజినల్ సినిమా. అసలు విశేషమే అది, దాన్నే తప్పు రాశాను.

మాంచెస్టర్‌లో కంప్యూటర్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ చదివిందన్న మాట మాత్రం నిజమే. “ఇంజనీరింగ్ చదివి సినిమాల్లోకా?” అని ఆశ్చర్యపోయిన మిత్రులు ఒక్కసారి మన ఫిల్మ్‌నగర్ వైపు చూడండి!

పాత పోస్టులో ఈ రెండూ సరిచేశాను.