సౌత్ క్లబ్ గడ్డి మనకే ఎందుకు కొత్తయిపోయింది?

2019 ఫిబ్రవరిలో ఇటలీతో డేవిస్ కప్ (దేశాల జట్ల మధ్య జరిగే టెన్నిస్ టోర్నీ) పోటీని మనోళ్ళు కోరి మరీ కలకత్తా సౌత్ క్లబ్‌లో గడ్డి మీద పెట్టించారు. ఇటలీ వాళ్ళు ఎర్రమట్టి కోర్టుల మీద పెరిగినోళ్ళు, గడ్డి మీద బంతి పైకి లేవదు, తక్కువ ఎత్తులో జారుకుంటూ వచ్చేస్తుంది, వాళ్ళు తడబడతారని లెక్క. చివరికి తడబడింది మనమే. మొదటి రోజు సింగిల్స్ రెండూ వరస సెట్లలో పోయాయి, మర్నాడు డబుల్స్‌లో బోపన్న, దివిజ్ శరణ్ గెలిచి కాస్త ఆశ పెట్టారు గానీ ఆ వెంటనే ఇటలీ ఆటగాడు సెప్పీ వచ్చి మన ప్రజ్నేశ్‌ని ఓడించేశాడు, పోటీ 3-1తో పోయింది. మొదటి రోజు ప్రజ్నేశ్‌ని ఓడించిన బెరెట్టీని అయితే 2021లో గడ్డి మీదే జరిగే వింబుల్డన్ ఫైనల్ దాకా వెళ్ళాడు.

ఇందులో తప్పు ఆ గడ్డిది కాదు. ఆ క్లబ్ చరిత్ర తెలిస్తే ఎవరూ ఆ మాట అనరు.

వుడ్‌బర్న్ పార్క్ దగ్గర 1920లో పెట్టిన క్లబ్ అది. 1966 డిసెంబర్‌లో బ్రెజిల్ మన మీద ఆడటానికి వచ్చింది అక్కడికే. స్కోరు 2-2, ఆఖరి మ్యాచ్ రామనాథన్ కృష్ణన్‌కీ ఎడమచేతి ఆటగాడు థామస్ కాక్‌కీ మధ్య. మూడు సెట్లు గెలిస్తే మ్యాచ్ అయిపోయే చోట కాక్ రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్లో 5-2తో ముందున్నాడు, ఇక అయిపోయిందనుకునే పరిస్థితి. కృష్ణన్‌ది బాదుడు ఆట కాదు, పెద్ద సర్వీసూ లేదు, ఉన్నదల్లా చేతి నేర్పు, బంతిని ఎక్కడ పెట్టాలో తెలిసిన తెలివి. అక్కణ్ణుంచి వరసగా ఐదు గేములు తీసుకుని ఆ సెట్టు 7-5తో లాగేశాడు, ఐదో సెట్టు 6-2. ఆ గెలుపుతోనే ఇండియా మొదటిసారి డేవిస్ కప్ ఫైనల్‌కి వెళ్ళింది. 1974లో కలకత్తాలోనే ఆస్ట్రేలియాని 3-2తో ఓడించాం, 6-6 అయితే సెట్టుని త్వరగా తేల్చేసే టై బ్రేకర్లు లేని రోజులు కాబట్టి ఆ పోటీ మొత్తం 327 గేములు సాగింది!

ఇవేవో అదృష్టం కొద్దీ జరిగినవి కావు. ప్రేమ్‌జిత్ లాల్, జైదీప్ ముఖర్జియా లాంటోళ్ళు ఆ కోర్టుల మీదే ఆడి పెరిగారు. 1969 వింబుల్డన్‌లో రాడ్ లేవర్ మీద లాల్ మొదటి రెండు సెట్లూ గెలిచేశాడు, తర్వాత ఓడిపోయాడనుకోండి, కానీ ఆ ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ (టెన్నిస్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) కొట్టిన మనిషిని అంత ఇబ్బంది పెట్టడం మాటలా. అప్పట్లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు గడ్డి మీదే జరిగేవి, అంటే మన పిల్లలు ఇంటి దగ్గర నేర్చుకున్న ఆటే ప్రపంచమంతా పనికొచ్చేది.

1975లో యూఎస్ ఓపెన్, 1988లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గడ్డిని వదిలేశాయి. ఆ తర్వాత మన దగ్గర కూడా అకాడమీలన్నీ సిమెంటు లాంటి గట్టి నేల ఉండే హార్డ్ కోర్టు బాట పట్టాయి, దానికి వాళ్ళని తప్పు పట్టలేం, ఏడాదిలో టోర్నీలు ఎక్కువ భాగం దాని మీదే కదా. పైగా గడ్డి కోర్టుని సాకడం మామూలు పని కాదు: రోజూ నీళ్ళు, కోత, రోలర్, నాలుగు రోజులు గట్టిగా ఆడితే కోర్టు చివర ఉండే బేస్‌లైన్ దగ్గర గడ్డి లేచిపోయి మట్టి బయటపడుతుంది, ఆ కోర్టుకి రెస్ట్ ఇవ్వాలి, వానాకాలం అయితే ఆట కుదరదు.

అందుకే నాకు ఈ ‘గడ్డి మీద పెడదాం, వచ్చినోళ్ళు తికమకపడతారు’ అనే ఆలోచన నచ్చదు. 2022లో ఢిల్లీ జింఖానా గడ్డి మీద డెన్మార్క్‌ని 4-0తో ఓడించాం, నిజమే, కానీ ఆ టీము బలమెంతో కూడా చూడాలి. గట్టి టీము వచ్చినప్పుడు, మనవాళ్ళు కూడా ఆ గడ్డి మీద అరుదుగా ఆడేవాళ్ళే అయినప్పుడు, సొంత గడ్డ అనే లాభం ఇక ఎక్కడుంది?

గడ్డి మీద మనవాళ్ళకి చేతకాదని కాదు. కలకత్తా కుర్రాడు లియాండర్ పేస్ 1990లో జూనియర్ వింబుల్డన్ కొట్టాడు, మన హైదరాబాద్ అమ్మాయి సానియా 2003లో అక్కడే జూనియర్ డబుల్స్, 2015లో హింగిస్‌తో కలిసి పెద్దవాళ్ళ డబుల్స్ గెలిచింది. కావాల్సింది అలవాటు. చలికాలంలో సౌత్ క్లబ్ లాంటి చోట్ల జూనియర్లకి రెండు మూడు టోర్నీలు పెట్టి, ఆ కోర్టుల ఖర్చులో కొంత టెన్నిస్ ఫెడరేషన్ భరించి, దానికి బదులుగా మెంబర్లు కాని పిల్లలకి కూడా ప్రాక్టీసుకి టైము ఇప్పించాలి. ముందు అది చేసి, డేవిస్ కప్ ఏ కోర్టు మీద పెట్టాలో తర్వాత చూసుకోవచ్చు.