నాన్నగారి జీవిత సాక్ష్యం రాసేవారికి

చనిపోయినవారి సంస్మరణ కూడికలో చదివే జీవిత సాక్ష్యం, అంటే వారి జీవితం, విశ్వాసం గురించిన మాటలు, "ఆయన భక్తిపరుడు" అంటూ మొదలుపెట్టాలన్న సలహా నాకు నచ్చలేదు. ఆ మాట ఎవరికైనా సరిపోతుంది. ముందు నాన్నగారి బైబిలు తెరవండి. గీత గీసిన వాక్యాలు, అంచుల్లో రాసుకున్న తేదీలు, బాగా నలిగిన పేజీలు చూడండి. 2 తిమోతి 4:7 ("మంచి పోరాటము పోరాడితిని" అనే వాక్యం) ఇలాంటి కూడికల్లో తరచూ వినేదే. ఆయన పెన్సిల్ గీత ఉన్న వాక్యం అంతకన్నా మేలు. పాత బైబిలును స్కానర్ మీద అదిమితే కుట్లు ఊడతాయి, సగం తెరిచి పగటి వెలుగులో ఫోటో తీయండి. ఎంచుకున్న వాక్యం పాస్టర్‌గారికి ముందే చెప్పాలి, లేకపోతే ప్రసంగమూ దాని మీదే రావచ్చు.

బాప్తిస్మం, పెళ్లి తేదీలు సంఘ రిజిస్టరులో సరిచూసుకోండి. జ్ఞాపకం మీద రాస్తే అన్నదమ్ముల మధ్యే పేచీ.

మనవలందరి చేతా విడివిడిగా చదివించొద్దు. అందరూ "తాతయ్య మాకోసం ప్రార్థించేవారు" అనే రాస్తారు. ఏ వేళకి ప్రార్థించేవారు, ఎవరి పేరుతో మొదలుపెట్టేవారు? అది అడిగి తలా రెండు మాటలు తీసుకోండి.

ప్రింటు 16 పాయింట్ల అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే, పేజీ నంబర్లతో. గడియారం పెట్టుకుని పైకి చదవండి. ఐదు నిమిషాలు చాలు. గొంతు పూడుకుపోయే చోటు అప్పుడే తెలుస్తుంది. రెండో ప్రతి దగ్గరి బంధువు చేతిలో ఉంచి, కోడళ్ల, అల్లుళ్ల పేర్లు తప్పిపోకుండా చూసే పనీ వారికే అప్పగించండి.